వెనక బ్రేకు ఎందుకు అరుస్తుంది?

ఇంటర్మీడియట్‌లో ఘర్షణ పాఠం మనమందరం చదివినవాళ్ళమే. స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ, ఏటవాలు బల్లమీద చెక్కదిమ్మ, దాని కింద బాణం గుర్తులు. పరీక్ష రాసి బయటికి వచ్చాక ఆ చెక్కదిమ్మను మళ్ళీ తలుచుకున్నవాడు లేడు. కాని ఇంట్లో ఏడుగురు కూర్చునే ఎస్.యు.వి. బండి ఉన్నవాళ్ళకు ఆ పాఠం రోజూ పనికొస్తుంది. వెనక చక్రం దగ్గర కీచుమని శబ్దం వస్తుంది. మనం ఏం చేస్తాం? అద్దాలు ఎత్తి పాట పెట్టుకుంటాం. శబ్దం పాటను కూడా మించిపోయినప్పుడు షెడ్డుకు తీసుకెళ్తాం. "ప్యాడ్లు పోయాయండీ, మార్చేద్దాం" అంటారు. మార్చేస్తారు. నాలుగు నెలలకు మళ్ళీ అదే పాట.

నేను చెప్పదలచింది ఒక్కటే. శబ్దం జ్వరంలాంటిది, దానికదే రోగం కాదు. ప్యాడ్ అరగడం కూడా చాలాసార్లు రోగం కాదు. ఎందుకు అరిగింది, ఏ పక్క అరిగింది అని అడిగిన తర్వాతే పనిముట్టు పట్టుకోవాలి.

ముందు బ్రేకు చేసే పని సంగతి. బండీ, మనుషులూ, సామానూ కలిపి 2000 కిలోలనుకుందాం. గంటకు 80 కి.మీ. వేగంతో పోతుంటే దాని గతిశక్తి దాదాపు 4 లక్షల 90 వేల జౌళ్ళు. బండిని ఆపడమంటే ఈ శక్తినంతా వేడి కింద మార్చడమే. లీటరున్నర నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి ఆ వేడి సరిపోయి ఇంకా మిగులుతుంది. పొయ్యి మీద అంత నీరు కాగడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో అమ్మనడగండి. బ్రేకులు ఆ పని నాలుగైదు సెకన్లలో చేస్తాయి. అంతా చేసేది నాలుగు ఇనప పళ్ళేలూ, వాటిని రెండు పక్కలా నొక్కే అరచేతిలో పట్టే ప్యాడ్లూను. (చాలా బళ్ళకు వెనక డిస్కు ఉండదు, డ్రమ్ము ఉంటుంది. దాని కథ వేరు. ఇక్కడ వెనక కూడా డిస్కు ఉన్న బండి గురించే చెబుతున్నాను.)

బ్రేకు తొక్కగానే బండి ముక్కు కిందికి వంగుతుంది గదా. అంటే బరువు ముందు చక్రాల మీదికి జరిగిందన్నమాట. అందుచేత ఆపే పనిలో నూటికి అరవై, డెబ్బై పాళ్ళు ముందు బ్రేకులే మోస్తాయి. వెనకవాటికి పని తక్కువ. పని తక్కువైతే ఎక్కువకాలం మన్నాలి, న్యాయంగా. అలా జరగకపోవడానికి కారణాలున్నాయి. వెనక ప్యాడ్లు చిన్నవి, పల్చనివి. ముందు చక్రాలు ఎగజిమ్మే బురద, ఇసుక వెళ్ళి పడేది వాటి మీదే. ఈనాటి బళ్ళలో బరువునుబట్టి వెనక బ్రేకు వాటాను పెంచే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లున్నాయి. వెనక నాలుగు ఎరువు బస్తాలు వేస్తే ఆ చక్రాలు మరింత పని చేస్తాయి. పైగా హ్యాండ్ బ్రేకు కూడా వాటికే తగిలించారు.

ఇంకో కారణం మా కోనసీమవంటి చోట్ల బాగా కనిపిస్తుంది. అక్కడ నేల చదును. కాలవగట్టు మీద ముప్పై, నలభై వేగానికి మించి పోనక్కరలేదు, గట్టిగా బ్రేకు తొక్కే పనే పడదు. గాలిలో సముద్రపు ఉప్పు, కింద ఏడాదిలో సగం రోజులు బురద. గట్టిగా నొక్కితే ప్యాడ్ డిస్కు మీది తుప్పును తుడిచేస్తుంది. నొక్కేవాడు లేనప్పుడు తుప్పు పేరుకుపోతుంది. వాడని నాగలికర్రుకు తుప్పు పట్టినట్టే. మా ప్రాంతపు వెనక బ్రేకులు ఎక్కువ వాడి చెడిపోవు, సరిగా వాడక చెడిపోతాయని నా అభిప్రాయం.

ఇక శబ్దం. లెక్చరరుగారు బోర్డు మీద సుద్దముక్క నిలువుగా పట్టి గీసినప్పుడు పళ్ళు జివ్వుమనే కూత వస్తుంది. ముక్క విరిచి పొట్టిగా పట్టుకుంటే పోతుంది. జరిగేది ఏమిటంటే, సుద్ద బోర్డును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది, సెకనుకు కొన్ని వేలసార్లు. పట్టుకున్నప్పటి ఘర్షణ ఎక్కువ, జారేటప్పటి ఘర్షణ తక్కువ. ఆ తేడాయే కంపనాన్ని నడిపిస్తుంది. బ్రేకు ప్యాడ్ కూతలో కూడా మూలం ఇలాంటి కంపనమే. డిస్కు గంటలాగా మోగుతుంది, ప్యాడ్ దాన్ని మోగించే కర్ర. ఎడ్లబండి ఇరుసు కిర్రుమంటే కందెన పెట్టి ఊరుకుంటాం. బ్రేకు రాపిడి ముఖానికి ఆ వైద్యం చేస్తే శబ్దంతోపాటు బ్రేకూ పోతుంది. ఈ గోల ఈనాటిది కాదు. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన రాపిడికి రాగి వాడాడు, అది భరించలేని కీచుమోత పెట్టేదట. అంటే డిస్కు బ్రేకూ దాని అరుపూ కవలపిల్లలు.

అన్ని అరుపులూ ఒకటి కావు. పొద్దున్నే బండి తీసినప్పుడు, అందులోనూ రాత్రి వాన పడితే, మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని ఆగిపోయేది రాత్రి పట్టిన పల్చని తుప్పు. దానికి షెడ్డుకు పోనక్కరలేదు. తొక్కకుండా పోతున్నప్పుడే సన్నగా కూసి, తొక్కితే మారిపోయేది లేక ఆగిపోయేది అయితే ప్యాడ్‌కు తగిలించిన చిన్న ఉక్కు రేకును అనుమానించాలి. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగాక అది డిస్కుకు తగిలి కూసేలా తయారీలోనే పెడతారు. మనల్ని పిలవడమే దాని పని, ఆ పిలుపు విని పాట పెంచడం అన్యాయం. తొక్కినప్పుడు ఇనుముతో ఇనుము గీకినట్టు బరబరమంటే రాపిడి పదార్థం అయిపోయి వెనకున్న ఇనపరేకే డిస్కును కోస్తోందని అర్థం. ఇక బండి నడపకూడదు. వెనక్కీ ముందుకూ తిప్పినప్పుడు ఒక్కసారి టక్కుమంటే ప్యాడ్‌ను పట్టి ఉంచే స్ప్రింగ్ క్లిప్పులు వదులయ్యాయో, కిందటిసారి మార్చినప్పుడు పెట్టడం మరిచారో. బ్రేకుతో సంబంధం లేకుండా వేగంతోపాటు పెరిగే హోరు, మలుపుల్లో మారే హోరు చక్రం బేరింగుది కావచ్చు. దానికి ప్యాడ్లు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఒక్కోసారి డిస్కుకూ వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఊరంతా వినపడేలా అరుస్తుంది. బండిని పది గజాలు వెనక్కి నడిపితే రాలిపోవచ్చు.

చెవి తర్వాత చెయ్యి. పది కిలోమీటర్లు మామూలుగా నడిపి, వీలైనంత తక్కువ బ్రేకుతో ఆపి, రెండు వెనక చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడాలి. దగ్గర అన్నాను, మీద అనలేదు. ఒకటి గోరువెచ్చగా, రెండోది సెగ కొడుతుంటే ఆ రెండో చక్రంలో బ్రేకు వదలడం లేదు. మైలేజీ తగ్గడం, మాడు వాసన కూడా అదే చెబుతాయి.

అసలు సాక్ష్యం ప్యాడ్లే ఇస్తాయి. అది అర్థం కావాలంటే క్యాలిపర్ సంగతి కొంచెం తెలియాలి. చాలా బళ్ళలో పిస్టన్ ఒక్క పక్కే, లోపలివైపే, ఉంటుంది. తొక్కగానే అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. అక్కడ ఆనగానే క్యాలిపర్ మొత్తం రెండు గైడ్ పిన్నుల మీద ఎదురుదిక్కుకు జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పోకచెక్క కత్తెర రెండు దవడలూ ఒకేసారి బిగిసినట్టన్నమాట. మరి కాలు తీశాక పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? లోపల స్ప్రింగేదో ఉందనుకుంటారు చాలామంది. లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు కోతగల రబ్బరు ఉంగరం ఒకటి ఉంటుంది. పిస్టన్ ముందుకు పోయినప్పుడు అది కొద్దిగా మెలితిరుగుతుంది. ఒత్తిడి పోగానే మళ్ళీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న భాగమంత వెనక్కి లాగుతుంది. అంతే. రెండువేల కిలోల బండి బ్రేకు వదలడం ఒక రబ్బరు ఉంగరం సాగే గుణం మీద ఆధారపడి ఉంది. పిస్టన్‌కు తుప్పు పట్టినా, రబ్బరు గట్టిపడినా ఆ కొద్దిపాటి లాగుడు చాలదు.

ఇప్పుడు పాత ప్యాడ్లు చేతికి తీసుకోండి. రెండు చక్రాల్లోనూ, లోపలా బయటా సమానంగా అరిగాయా? అయితే వయసై అరిగాయి, హాయిగా మార్చుకోవచ్చు. లోపలిది బాగా అరిగి బయటిది మందంగా ఉంటే క్యాలిపర్ జరగడం లేదు లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. బయటిదే ఎక్కువ అరిగితే క్యాలిపర్ జరిగింది గాని వెనక్కి రాకుండా పిన్నుల మీద బిగుసుకుపోయింది. ఒక ప్యాడ్ పైన మందం, కింద పల్చన అయి చీలికలా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటే పట్టేసింది. ఒక చక్రంలో రెండు ప్యాడ్లూ పోయి, రెండో చక్రంలో కొత్తవిలా ఉంటే హ్యాండ్ బ్రేకు కేబులు, పిస్టన్, లోపల వాచిపోయిన రబ్బరు గొట్టం చూడాలి. అందుకే షెడ్డులో పాత ప్యాడ్లు పారేయకుండా ఏది ఏ పక్కదో గుర్తుపెట్టి చూపించమని అడగాలి. అడిగితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

మా ఇంటి బండికి ఒక ఏడాదిలో రెండుసార్లు వెనక ప్యాడ్లు మార్చారు. పట్నంలో మంచి పేరున్న షెడ్డే. మూడోసారి అరిచినప్పుడు నాన్న ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయనకు చూపించారు. ఎడమ చక్రం విప్పితే లోపలి ప్యాడ్ ఇనుము దాకా వచ్చింది, బయటిది సగానికి పైగా ఉంది. కింది పిన్ను రబ్బరు తొడుగు చిరిగి, లోపలికి దమ్ము బురద చేరి, పిన్ను ఎర్రగా తుప్పు పట్టి ఉంది. సుత్తితో కొడితేగాని బయటికి రాలేదు. "ఇది కదలకుండా ఎన్ని ప్యాడ్లు వేసినా ఇంతేనండి, పైసలు అరగదీసుకోడమే" అన్నాడాయన. పిన్నులూ తొడుగులూ కలిపి కొన్ని వందల ఖర్చు. అది జరిగి ఏడాదిన్నర అయింది, ప్యాడ్లు ఇంకా సగానికి రాలేదు.

ఆయన పిన్నులకు రాసింది మామూలు గ్రీజు కాదు, బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు. చక్రానికి పెట్టే మామూలు గ్రీజు పెడితే బ్రేకు రబ్బరు ఉబ్బిపోయి పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. రసాయన శాస్త్రం మిత్రులకు ఇది వింతగా ఉండదు, పెట్రోలియం నూనెలకూ ఆ రకం రబ్బరుకూ పడదు. అలాగే కూత పోవాలని ప్యాడ్ ముఖాన్ని గరుకు కాగితంతో రుద్దించుకునేవాళ్ళున్నారు. వారం రోజులు నిశ్శబ్దంగా ఉంటుంది, అంతే. దుమ్మును ఎయిర్ గొట్టంతో ఊదించడం మరీ చెడ్డపని. పాతరకం లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు విషం. కొత్తవాటి దుమ్ము కూడా పీల్చదగింది కాదు. తడిపి తుడవాలి.

కొలతల విషయం. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 మి.మీ. ఉంటుంది. వెనకవాటికి ఇంకా తక్కువ ఉండవచ్చు. 3 మి.మీ.కు వస్తే మార్చాలి. డిస్కు ఎంత పల్చబడే వరకు వాడవచ్చో ఆ అంకె డిస్కు మీదే పోతపోసి ఉంటుంది, తుప్పు గీకితే కనబడుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం నెమ్మదిగా దిగుతుంది. లీకు లేకపోతే ఆ దిగుడు కూడా ప్యాడ్ల సమాచారమే. దాన్ని చూసి ఊరికే నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు ఆయిల్ పొంగి బండి రంగును తినేస్తుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. చదును నేలమీద ఈ తేడా తెలియదు. అదే బండిలో ఇంటిల్లిపాదీ ఎక్కి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం బయల్దేరితే తెలుస్తుంది. దిగుడులో కాలు బ్రేకు మీదే ఉంచితే, అప్పటికే వదలకుండా రాస్తున్న ఆ ఒక్క చక్రం అందరికంటే ముందు కాగుతుంది. ఆయిల్ మరిగి ఆవిరైతే, పెడల్ తొక్కినా ఆవిరి నలుగుతుందేగాని ఒత్తిడి చక్రం దాకా పోదు. కాలు నేలకు తగులుతుంది, బండి ఆగదు. ఊళ్ళో చిరాకు పెట్టే చిన్న కీచుమోత అక్కడ వెనక సీట్లో పిల్లల ప్రాణాలకు సంబంధించిన సంగతి అవుతుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చడం, ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను చేతనే బండిని పట్టి ఉంచడం తప్పనిసరి.

సొంతంగా విప్పుదామనుకునే మిత్రులకు రెండు జాగ్రత్తలు. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టాలి. వెనక పిస్టన్ చాలా బళ్ళలో ముందు పిస్టన్‌లా నొక్కితే పోదు. హ్యాండ్ బ్రేకు యంత్రం లోపలే ఉంటుంది గనుక మరలాగా తిప్పుతూ నెట్టాలి. బటన్ నొక్కే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే ముందు దాన్ని సర్వీసు స్థితిలో పెట్టాలి. బలవంతంగా నొక్కితే మోటారు పళ్ళు విరుగుతాయి, అప్పుడు ప్యాడ్ల ఖర్చు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

అంతా బిగించాక, ఇంజను వేసి, బండి కదలకముందే పెడల్‌ను గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది గనుక మొదటి తొక్కుకు బ్రేకు పడదు, షెడ్డు గోడలకు తగిలిన బళ్ళు అలా తగిలినవే. ఆ తర్వాత ఖాళీ రోడ్డు చూసుకుని అరవై వేగం నుంచి ఇరవైకి, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఇరవైసార్లు తగ్గించాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు కొంచెం గరగర ఉండవచ్చు, కొత్త ప్యాడ్ పాత డిస్కుకు ఒదుగుతోందన్నమాట.