రీజెంట్ వీధిలో రెండు దుకాణాలు

సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేరిన తెలుగు పిల్లలకు రెడ్‌ఫర్న్ అంటే రైలు దిగే స్టేషన్. దిగి, సంచీ భుజాన వేసుకుని క్యాంపస్ వైపు గబగబా నడిచిపోతారు. ఆ దారి పక్కనే ఈవ్లీ, లూయిస్, కెరొలీన్, వైన్ అనే నాలుగు చిన్న వీధుల మధ్య ‘ద బ్లాక్’ అనే కాస్త జాగా ఉంది. దానికోసం నలభై ఏళ్ళకు పైగా గొడవలు జరిగాయి. రెడ్‌ఫర్న్ పేట పేరు బయట మోగిందంటే రెండు కారణాలే: 1992 నాటి ఒక ప్రధాని ప్రసంగం, 2004 నాటి ఒక రాత్రి అల్లర్లు. నన్నడిగితే, అసలు కథ వాటికి చాలా ముందే, రీజెంట్ వీధిలో రెండు దుకాణాల దగ్గర ఉంది.

ఇది గాడిగల్ ఆదివాసుల నేల. పేటకు పేరిచ్చిన విలియం రెడ్‌ఫర్న్ ఇక్కడికి ఖైదీగా వచ్చాడు. బ్రిటిష్ నౌకాదళంలో వైద్య సహాయకుడాయన. 1797లో నావికుల తిరుగుబాటులో వాళ్ళ పక్షం వహించాడని ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని తగ్గించి 1801లో సిడ్నీకి పంపారు. రెండేళ్ళలో క్షమాభిక్ష దొరికింది. ఖైదీల ఓడల్లో గాలి ఆడక, శుభ్రత లేక జనం ఎలా చనిపోతున్నారో 1814లో ఆయన రాసిన నివేదిక ఆస్ట్రేలియా ప్రజారోగ్య చరిత్రలో మొదటి పుటల్లో నిలిచింది. 1817లో ప్రభుత్వం ఆయనకు ఇక్కడ 100 ఎకరాలు రాసిచ్చింది. గాడిగల్‌లను ఎవరూ అడగలేదు.

1880ల్లో ఈవ్లీ రైల్వే వర్క్‌షాపులు రావడంతో ఇది కూలీల పేట అయింది. లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ టోకు దుకాణాలు తెరిచి, పల్లెలు తిరిగి బట్టలూ సూదులూ అమ్ముకునే తమవాళ్ళకు సరుకు అరువిచ్చి పంపేవారు. 1917 ఆగస్టులో, ఏ పనికి ఎంతసేపు పట్టిందో కార్డు మీద రాయాలన్న కొత్త పద్ధతికి ఎదురుతిరిగి ఈవ్లీ కార్మికులు పని ఆపేశారు. సమ్మె రాష్ట్రమంతా పాకింది, చివరికి ఓడిపోయింది. అందులో ఉద్యోగం పోగొట్టుకున్న ఫిట్టరు జో కాహిల్ ఈ పేటలోనే పుట్టినవాడు. తర్వాత న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ అయ్యాడు. మన టూరిస్టులు ఫొటోలు దిగే ఒపేరా హౌస్ కట్టి తీరాల్సిందేనని పట్టుబట్టింది ఆయనే.

ఈవ్లీ షెడ్లలో పని దొరుకుతుందనే ఆదివాసులూ ఊళ్ళు వదిలి వచ్చారు. ప్రభుత్వం గిరి గీసి ఉంచిన రిజర్వులు, మిషన్ల నుంచి బయటపడ్డ కుటుంబాలకు ఇక్కడ బంధువులుండేవారు, అద్దెలూ తక్కువ. 1967 రెఫరెండంలో ఆదివాసులను జనాభా లెక్కల్లో చేర్చడానికి, వారికోసం చట్టాలు చేసే అధికారం కేంద్రానికి ఇవ్వడానికి 90 శాతానికి పైగా ఓటర్లు సరేనన్నారు. రెడ్‌ఫర్న్ పోలీసులకు ఆ కబురు అందినట్టు లేదు. రాత్రి పొద్దుపోయాక వీధిలో నల్లవాళ్ళు కనబడితే వ్యాను ఎక్కించడమే. రీజెంట్ వీధిలో ఎంప్రెస్ హోటల్ అనే బారు ఎదుట ఆ వ్యాన్లు కాచుకుని ఉండేవి. తాగి అల్లరి చేశారని కేసు, తెల్లారి కోర్టు, ఆపైన జైలు.

పాల్ కో, గ్యారీ ఫోలీ, గ్యారీ విలియమ్స్ అప్పటికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్ళు. అమెరికాలో బ్లాక్ పాంథర్లనే నల్లజాతి ఉద్యమకారులు పోలీసుల మీదే నిఘా పెడుతున్నారని చదివారు. అక్కడివాళ్ళ చేతుల్లో తుపాకులుండేవి, వీళ్ళు నోటుపుస్తకాలు పట్టుకున్నారు. ఎవరిని, ఏ వేళకు పట్టుకుపోయారు, పట్టుకున్న పోలీసు ఎవరు అన్నీ రాసుకున్నారు. అది తీసుకుని న్యాయశాస్త్ర ఆచార్యుడు హాల్ వూటెన్‌ను కలిశారు. 1970లో రీజెంట్ వీధిలోని ఒక దుకాణంలో అబోరిజినల్ లీగల్ సర్వీస్ మొదలైంది. పైసా ఫీజు లేదు. పక్కన ఒక ప్లీడరు నిలబడేసరికి, నేరం ఒప్పించి జైలుకు పంపడం మునుపటంత తేలిక కాలేదు.

లాయరు కోసం వచ్చేవాళ్ళలో చాలామందికి డాక్టరూ కావాలని తొందరలోనే తెలిసింది. మామూలు క్లినిక్‌కు వెళ్తే చిన్నచూపు, పెద్దాసుపత్రి అంటే భయం. 1971 జులైలో అదే వీధిలో ఇంకో దుకాణంలో అబోరిజినల్ మెడికల్ సర్వీస్ తెరిచారు. లీగల్ సర్వీస్‌లో పనిచేస్తున్న గార్డన్ బ్రిస్కో, నర్సు డల్సీ ఫ్లవర్, కళ్ళ డాక్టర్ ఫ్రెడ్ హాలోస్ దాని మొదటి మనుషులు. తొలినాళ్ళలో డాక్టర్లు జీతం లేకుండా వంతులవారీగా వచ్చి చూసేవారు. అక్కడ కొత్త సంగతి ఉచిత వైద్యం కాదు, అజమాయిషీ. డాక్టరు తెల్లవాడైనా సరే, ఎవరిని పెట్టుకోవాలో, డబ్బు దేనికి ఖర్చుపెట్టాలో ఆదివాసుల పాలకవర్గమే తేల్చేది. నయోమీ మేయర్స్ అనే ఆమె ఆ సంస్థను నాలుగు దశాబ్దాలు నడిపారు. అదే నమూనాలో ఇవాళ ఆస్ట్రేలియా అంతటా 140కి పైగా ఆరోగ్య సంస్థలు పనిచేస్తున్నాయి. ఒక ప్రధాని ప్రసంగం కన్నా ఇదే పెద్ద వార్త అని నేనంటాను, కానీ వార్తలు రాసేవాళ్ళకు క్లినిక్ ముందు క్యూ ఎప్పుడూ బొమ్మకు పనికిరాదు.

షర్లీ స్మిత్ పేరు చెప్పకుండా ఈ పేట గురించి రాస్తే అక్కడివాళ్ళు ఊరుకోరు. చదువు రాని మనిషి. రెండు సంస్థల పుట్టుకలోనూ ఆమె చేయి ఉంది. జైళ్ళకు వెళ్ళి ఖైదీలను పలకరించేది. నీకేమవుతాడని కాపలావాళ్ళు అడిగితే “వాళ్ళమ్మను” అనేసేది. అలా పేటంతటికీ ‘మమ్ షర్ల్’ అయింది. తల్లిదండ్రుల నీడ లేని పిల్లలను అరవై మందికి పైగా పెంచింది.

ఇక ‘ద బ్లాక్’ జాగా సంగతి. 1972లో లూయిస్ వీధిలో ఖాళీగా పడి ఉన్న ఇళ్ళలో ఇల్లులేని ఆదివాసులు చేరారు. యజమానులు వెళ్ళగొట్టబోతే క్యాథలిక్ ఫాదర్ టెడ్ కెనెడీ, భవన కార్మికుల సంఘం, అప్పటికి లా చదువుతున్న బాబ్ బెల్లియర్ అడ్డుపడ్డారు. ఈ బెల్లియరే 1996లో ఆస్ట్రేలియాలో తొలి ఆదివాసీ జడ్జి అయ్యాడు. 1973లో ప్రధాని విట్లమ్ ప్రభుత్వం 530,000 డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బుతో అబోరిజినల్ హౌసింగ్ కంపెనీ ఇళ్ళు కొనడం మొదలుపెట్టింది. అదే కాలంలో పేటలో నేషనల్ బ్లాక్ థియేటర్ కూడా ఆడింది. 1975లో రాబర్ట్ మెరిట్ రాసిన ‘ద కేక్ మ్యాన్’ నాటకం మొదట ప్రదర్శించింది అక్కడే.

ఆ వెలుగు అలాగే సాగలేదు. 1980ల చివర్లో ఈవ్లీ వర్క్‌షాపులు మూతపడ్డాయి. హెరాయిన్ వచ్చింది. 1992 డిసెంబరు 10న ప్రధాని పాల్ కీటింగ్ రెడ్‌ఫర్న్ పార్కులో నిలబడి, ఆదివాసుల భూములు లాక్కున్నదీ, పిల్లలను తల్లుల నుంచి వేరుచేసిందీ తమవాళ్ళేనని ఒప్పుకున్నాడు. ఏ ప్రధానీ అంతకుముందు అంత సూటిగా అనలేదు. 2004 ఫిబ్రవరిలో 17 ఏళ్ళ ఆదివాసీ కుర్రాడు టీజే హికీ సైకిల్ మీంచి కంచెపై పడి చనిపోయాడు. పోలీసులు వెంటపడ్డారని కుటుంబం అంది, లేదని వాళ్ళన్నారు. ఆ రాత్రి స్టేషన్ ముందు రాళ్ళు, మంటలు. కరోనర్ విచారణ పోలీసుల తప్పు లేదని తేల్చింది. పేట ఒప్పుకోలేదు.

పేటంతా ఒక్కటయ్యేది రగ్బీ లీగ్ దగ్గర. 1908లో ఇక్కడి టౌన్‌హాల్‌లో పుట్టిన సౌత్ సిడ్నీ రాబిటోస్ జట్టును లీగ్ నుంచి గెంటేస్తే వేలమంది ఊరేగింపు తీశారు. కోర్టుకెక్కి 2002లో మళ్ళీ ఆటలోకి వచ్చారు. 2014లో, 43 ఏళ్ళ తర్వాత కప్పు గెలిచారు.

అదే 2014లో జెన్నీ మన్రో అనే పెద్దావిడ, ఆమెతోపాటు మరికొందరు ‘ద బ్లాక్’లో గుడారం వేశారు. అప్పటికి పాత ఇళ్ళు కూల్చేసి ఉన్నాయి. హౌసింగ్ కంపెనీ, ముందుగా దుకాణాలు, విద్యార్థుల వసతి కడతాం, ఆ ఆదాయం వచ్చాక ఆదివాసులకు ఇళ్ళంది. ఆమె మాత్రం ఇళ్ళే ముందంది. 2015 ఆగస్టులో కేంద్రం డబ్బిస్తామన్నాక గుడారం లేచింది. ఇప్పుడక్కడ ఆదివాసీ కుటుంబాలకు తక్కువ అద్దెకిచ్చే 62 ఇళ్ళున్నాయి, పక్కనే 24 అంతస్తుల విద్యార్థి వసతి ఉంది. అద్దెలు పెరిగి చాలా పాత కుటుంబాలు ఎప్పుడో పశ్చిమ సిడ్నీకి తరలిపోయాయి కాబట్టి నా లెక్కలో 62 తక్కువే. కానీ ఆవిడ పదిహేను నెలలు ఆ గుడారంలో కూర్చోకపోతే, అవి కూడా వరసలో ఆఖరుకే పోయేవి.