అంబాసిడర్‌కి ముందు డిస్క్ బ్రేకులు: డిస్క్ ఒక్కటి మారిస్తే ఏమవుతుంది?

ఈరోజు ఎపిసోడ్ మా తాత అంబాసిడర్ గురించి. మార్క్ 3, 1978 మోడల్. దామలచెరువు మామిడి మండీల చుట్టూ తిరిగిన బండి. తాత పోయాక పాకాలలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆరేళ్ళు కదలకుండా ఉండిపోయింది. నేను బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి ఊరికొచ్చాక మొదట చేసిన పని దాన్ని స్టార్ట్ చేయించడం. బ్రేకులు బాగు చేయించాల్సింది కూడా అప్పుడే. చేయించలేదు.

రెండేళ్ళ కింద పీలేరులో పెళ్ళి చూసుకుని, భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి దిగతా ఉన్నాం. బండిలో నేను, అమ్మ, అవ్వ, ఇద్దరు పిల్లలు. థర్డ్ గేర్‌లో ఉన్నా, కాలు బ్రేకు మీదే ఉంది. సగం దిగేసరికి కాలిన వాసన. "ఏందిరా వాసన, ఎవురన్నా టైర్లు కాలస్తా ఉండారా?" అనింది అమ్మ. తర్వాతి మలుపులో పెడల్ తొక్కితే కాలు కిందికి పోతానే ఉంది, బండి ఆగడం లేదు. సెకండ్ గేర్‌కి లాగి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా పట్టి, కొండవైపు మట్టికట్టకి చక్రం ఆనించి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. అవ్వ మాత్రం ఆ బండి ఇంక ఎక్కనని ఒట్టు పెట్టుకునింది.

అసలు అక్కడ జరిగిందేంటి? బీటెక్ చదివాం కదా, లెక్క వేసి చూద్దాం. 60 కిలోమీటర్ల స్పీడులో ఉన్న బండిని ఒకసారి పూర్తిగా ఆపడానికి బ్రేకులు ఎంత వేడి మింగాలో చూడండి. అదే బండి 200 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే అలాంటి వేడి దాదాపు 14 రెట్లు పుడుతుంది. బండి బరువు ఎంతైనా ఈ లెక్క మారదు, రెండు వైపులా బరువు కొట్టేసుకుంటుంది. కొంత గాలి, కొంత ఇంజన్ లాక్కుంటాయి. మిగిలిందంతా బ్రేకులదే. నేను థర్డ్ గేర్‌లో దిగి ఇంజన్ వాటా కూడా బ్రేకుల మీదే వేశాను. తిరుమల కొండ దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందే కిందికి వస్తే ఒప్పుకోరు, గుర్తుందా? స్పీడు తగ్గితే ఆ వేడి ఆరడానికి బ్రేకులకి టైము దొరుకుతుంది.

డ్రమ్ము బ్రేకు అంటే మూసిన గిన్నె లాంటిది. షూలు లోపలి నుంచి డ్రమ్ము గోడని నొక్కుతాయి, వేడి లోపలే ఉండిపోతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది. అందుకే పెడల్ ఇంకా కిందికి పోతుంది. లైనింగ్ కూడా పట్టు వదులుతుంది. దీన్నే ఫేడ్ అంటారు. డిస్కు గాలిలో తిరుగుతుంది, కాలిపర్ దాన్ని రెండు పక్కల నుంచి పట్టుకుంటుంది. వేడికి డిస్కు మందం పెరిగితే ప్యాడ్ల వైపే పెరుగుతుంది. 1953లో లె మాన్ 24 గంటల రేసు జాగ్వార్ గెలిచింది ఈ డిస్కులతోనే. 1955లో సిట్రోయెన్ డీఎస్‌తో మామూలు జనం కొనే కార్లలోకి కూడా వచ్చేశాయి. అంబాసిడర్‌కి కూడా తర్వాతి మోడళ్ళలో కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది. అంటే మనకి కావలసిన సామాను ఎక్కడో తయారు చేయించనక్కరలేదు, ఇదే బండి చివరి మోడళ్ళలో ఉంది.

నేను చెన్నై పుదుపేటకి పోయి పాత సామాను కొన్నాను. డిస్కులు, కాలిపర్లు, హబ్బులు, వాటితో పాటు వచ్చే స్టబ్ యాక్సిళ్ళు. ఇంతవరకు బాగానే ఉంది. మాస్టర్ సిలిండరు, బూస్టరు కొనలేదు. "బ్రేకు బ్రేకే కదా, పైపు తగిలిస్తే చాలు" అనుకున్నా. కోడ్‌లో ఒక ఫంక్షన్ మార్చి, దాన్ని పిలిచే చోటు చూడకుండా వదిలేసినట్టు.

డిస్కులు బిగించి పాకాల నుంచి దామలచెరువు బయలుదేరాను. చిన్న దూరమే. అక్కడికి చేరేసరికి బండి బరువుగా లాగుతా ఉంది, ముందు చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. బ్రేకు తొక్కకుండానే బ్రేకు పట్టి ఉందన్నమాట. మా మెకానిక్ అన్న వచ్చి చూసి ఒకే మాట అన్నాడు. "నాయినా, ముందర డిస్కు ఏసినావు సరే, తొక్కే సిలిండరుకి ఆ సంగతి ఎవురు చెప్పినారు?"

సంగతి ఇది. డ్రమ్ము బ్రేకుల కోసం చేసిన మాస్టర్ సిలిండర్లు కొన్నిటి లోపల చిన్న వాల్వు ఉంటుంది. కాలు తీసేసినా లైన్లో 10 పీఎస్ఐ దగ్గర ఒత్తిడి పట్టి ఉంచుతుంది. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. కాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు కొంచెం వంగి, మళ్ళీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. ఆ 10 పీఎస్ఐకే ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూ ఉంటాయి. మా సిలిండర్లో ఆ వాల్వు ఉంది. మీ బండిలో ఉందో లేదో విప్పి చూడండి. ఒకవేళ సిలిండరు కాలిపర్ల కంటే కింద ఉంటే అసలు వాల్వే లేకుండా చేయకూడదు, ఆయిల్ వెనక్కి జారిపోతుంది. దానికి డిస్కుల కోసం వచ్చే 2 పీఎస్ఐ వాల్వు వేరే ఉంది.

రెండో సమస్య కాలికి తెలుస్తుంది. డ్రమ్ములో ముందుకు తిరిగే షూని చక్రమే ఇంకాస్త లోపలికి లాక్కుంటుంది, మనకి ఉచితంగా సాయం. డిస్కులో ఆ సాయం లేదు. అదీకాక కాలిపర్ పిస్టన్ పెద్దది, ఎక్కువ ఆయిల్ అడుగుతుంది. సిలిండర్ బోరు పెంచితే ఆయిల్ సరిపోతుంది కానీ కాలు బరువవుతుంది. 19 మిల్లీమీటర్ల నుంచి 22కి పోతే అదే ఒత్తిడికి మూడోవంతు ఎక్కువ బలంతో తొక్కాలి. అందుకే వ్యాక్యూమ్ బూస్టరు. ఇంక ఆ తర్వాత ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో ఘాట్ దిగే అలవాటు మానేయాలి. పెట్రోలు మిగులుతుందని మా వైపు చాలామంది చేస్తారు. ఇంజన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా ఉంటుంది.

చివరికి డిస్కు మోడల్ బండి నుంచి మాస్టర్ సిలిండరు, బూస్టరు సెట్టుగా తెచ్చి వేశాం. దీనితో వచ్చిన పెద్ద లాభం నా దృష్టిలో డిస్కుల కన్నా ఇదే: కొత్త సిలిండరు టాండెమ్. పాతదానిలో ఒకే లైను, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. టాండెమ్‌లో ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి. డబ్బు తక్కువుండి ఒక్కటే చేయగలిగితే, డ్రమ్ములు ఉంచుకుని వాటికి సరిపోయే టాండెమ్ సిలిండరు వేసుకోమంటాను నేను.

వేరే కంపెనీ కారు కాలిపర్లు లేతులో బ్రాకెట్ కోయించి వేసేవాళ్ళు ఉన్నారు. నేనైతే వద్దంటాను. బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి వస్తుంది, వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి తిరగబడుతుంది. ముందు ఎంత, వెనక ఎంత పట్టాలో కంపెనీ ఇంజనీర్లు లెక్క కట్టి పెట్టారు. ఆ లెక్క మనం బ్రాకెట్‌తో చెడగొట్టుకోవడం ఎందుకు? పైగా పాత బండి ఆర్సీ రెన్యూవల్‌కి ఐదేళ్ళకోసారి ఆర్టీవో ముందు నిలబెట్టాలి, కాబట్టి పని మొదలుపెట్టకముందే అక్కడ అడగడం మేలు.

పైపులు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయించాను. ఆయిల్ డాట్ 4. కొత్త డబ్బాలో ఇది కనీసం 230 డిగ్రీల వరకు మరగదు, నీళ్ళు పీల్చుకున్నాక ఆ హామీ 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. తాత బండిలో ఆయిల్ నల్లటి కాఫీ డికాషన్‌లా ఉండింది. అంటే ఆరోజు ఘాట్‌లో ఫేడ్‌తో పాటు ఆయిల్ కూడా మరిగి ఉంటుందని నా అనుమానం. రెండేళ్ళకోసారి మార్చండి, పెద్ద ఖర్చు కాదు.

ప్యాడ్లు కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి ఓ పదిసార్లు తగ్గించి, పూర్తిగా ఆపకుండా, తర్వాత బ్రేకు తొక్కకుండా కొంత దూరం నడిపి చల్లార్చాం. పోయిన నెల నేనూ మెకానిక్ అన్నా ఇద్దరమే భాకరాపేట ఘాట్ దిగాం, ఈసారి సెకండ్ గేర్‌లో. పెడల్ పైన ఎంతలో పట్టిందో కిందికొచ్చాక కూడా అంతలోనే పట్టింది. రంగంపేట దగ్గర ఆపి చూస్తే ముందు డిస్కులు వేడిగా ఉన్నాయి, వాసన లేదు. ఎడమ వెనక డ్రమ్ము మాత్రం కుడిదానికంటే చల్లగా ఉంది. ఆ వీల్ సిలిండరు సరిగా పనిచేయడం లేదన్నమాట. వచ్చే ఎపిసోడ్‌లో దాన్ని విప్పుతున్నాం. అది అయ్యేదాకా అవ్వని బండెక్కమని నేను కూడా అడగను.