మీకు తెలుసా? గోడ లోపల రాజుకునే నిప్పు
అమెరికాలో చలి ప్రాంతాల ఇళ్లలో కట్టెల స్టవ్ మామూలే. అక్కడి గోడలు ఎక్కువగా చెక్క చట్రం మీద కట్టినవి. స్టవ్‌ని గోడకు మరీ దగ్గరగా బిగిస్తే, లోపలి చెక్క ఏళ్ల తరబడి వేడికి మాడి బొగ్గులా మారి, మామూలుకంటే తక్కువ వేడికే అంటుకోగలదు. పైకి గోడ బాగానే కనిపిస్తుంది, అదే భయం. గోడకు టైల్స్ అతికించినా లాభం లేదు, వేడి వాటిగుండా లోపలికి పోతుంది. ధ్రువీకరణ పరీక్షలు జరగని స్టవ్‌కు అక్కడి అగ్ని భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 గోడ నుంచి 36 అంగుళాల ఎడం అడుగుతుంది. గోడకు అంగుళం ఖాళీ వదిలి, కిందా పైనా గాలి ఆడేలా రేకు నిలబెడితే 12 అంగుళాలు చాలు. అక్కడ పాత ఇల్లు కొనే మనవాళ్లు ముందు టేపు పెట్టి కొలవండి. తేడా ఉంటే సరిచేయించేదాకా వెలిగించకండి.