పాత వీడియో ఎడిటింగ్ సాఫ్టువేరులో కొత్త గ్రాఫిక్స్ కార్డు

ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్టువేరు విడుదలైన తరువాత మార్కెట్టులోకి వచ్చిన గ్రాఫిక్స్ కార్డును ఆ సాఫ్టువేరు గుర్తించకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. కార్డు కంప్యూటరులో సక్రమంగానే పనిచేస్తుంది, తెరపై బొమ్మ వస్తుంది, ఆటలు కూడా ఆడవచ్చును. కాని ఎడిటింగ్ సాఫ్టువేరు మాత్రం దానిని లెక్కలోకి తీసుకోకుండా పనినంతటినీ ప్రాసెసరు మీదనే వేస్తుంది. ఈ సమస్యకు బాగా తెలిసిన ఉదాహరణ అడోబీ సంస్థవారి ప్రీమియర్ ప్రో సీఎస్5 (2010), సీఎస్5.5 (2011), సీఎస్6 (2012). వీటిలో చాలా సందర్భాలలో అడ్డుపడేది కార్డు సామర్థ్యం కాదు, ఒక చిన్న టెక్స్టు ఫైలు.

నేపథ్యం

ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో వీడియో ఎడిటింగ్ ప్రధానంగా పెళ్ళిళ్ళ మీద ఆధారపడిన వృత్తి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం వంటి కొత్త జిల్లాలు ఏర్పడినవి. ఈ పట్టణాలలోని స్టూడియోలు చాలావరకు ఒకరిద్దరు నడుపుకొనే చిన్న దుకాణాలు. 2012లో మొదలైన మై విలేజ్ షో వంటి యూట్యూబు ఛానెళ్ళు జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి వంటి పల్లెల నుండి కూడా వీడియోలు తయారై లోకానికి చేరగలవని చూపిన తరువాత, పెళ్ళిళ్ళు కాక ఇతర పనులకు కూడా ఎడిటింగ్ తెలిసినవారి అవసరం పెరిగినది.

ఇటువంటి దుకాణాలలో సాఫ్టువేరును ఏటా మార్చడం అరుదు. చేతికి అలవాటైన పద్ధతి, సిద్ధం చేసిపెట్టుకొన్న పెళ్ళి టైటిళ్ళు, సగంలో ఉన్న ప్రాజెక్టులు అన్నీ పాత వెర్షనుతోనే ముడిపడి ఉంటాయి. దీనికి తోడు అడోబీ 2013 నుండి కొత్త వెర్షన్లను చందా పద్ధతిలో మాత్రమే ఇస్తున్నది. ఒకసారి కొని ఎన్నాళ్ళయినా వాడుకొనే వీలున్న చివరి వెర్షను సీఎస్6. దాని అమ్మకం కూడా 2017 జనవరిలో ఆగిపోయినది. కావున పాత కార్డు కాలిపోయినప్పుడు కొత్త కార్డు కొని పాత సాఫ్టువేరుతో కలిపి నడపడం అనేకులకు తప్పనిసరి అవుతుంది.

కార్డు చేసే పని ఏమిటి?

ప్రీమియర్ ప్రో సీఎస్5తో మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజన్ అనే భాగం ప్రవేశపెట్టబడినది. ఇది ఎన్‌విడియా సంస్థవారి క్యూడా సాంకేతికత ద్వారా కొన్ని లెక్కలను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగిస్తుంది. ఫ్రేము పరిమాణం పెంచడం, తగ్గించడం, ఒక పొర మీద మరొక పొరను కలపడం, త్రీ-వే కలర్ కరెక్టర్, గాసియన్ బ్లర్, అల్ట్రా కీ వంటి ఎఫెక్టులు ఈ కోవలోనివి. కెమెరా ఇచ్చిన ఫైలును విప్పి చదవడం, చివరన ఫైలుగా కుదించడం మాత్రం ఈ వెర్షన్లలో ప్రాసెసరు పనులే. ఈ తేడా తెలియక, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఎగుమతి వేగం పెరగలేదని నిరాశపడేవారు ఉన్నారు.

వేగంతో పాటు నాణ్యతలో కూడా ప్రయోజనం ఉన్నది. హెచ్‌డీలో తీసిన పెళ్ళిని 720×576 కొలతల డీవీడీగా మార్చునపుడు ఫ్రేమును బాగా చిన్నది చేయవలసి ఉంటుంది. కార్డు ద్వారా ఈ పని జరిగినపుడు మేలైన స్కేలింగ్ పద్ధతి దానంతట అదే వర్తిస్తుంది. ప్రాసెసరుతో చేయించునపుడు అదే నాణ్యత కావాలంటే 'మాగ్జిమమ్ రెండర్ క్వాలిటీ'ని విడిగా ఎంచుకోవలసి ఉంటుంది. అప్పుడు సమయం చాలా పెరుగుతుంది. చీర అంచులు, నగలు, పందిరి దీపాలు మిణుకుమిణుకుమనకుండా నిలకడగా కనిపించడానికి ఇది కొంత కారణం.

అనుమతి జాబితా

సీఎస్5 విడుదలైనపుడు జీఫోర్స్ జీటీఎక్స్ 285తో పాటు కొన్ని క్వాడ్రో కార్డులకు మాత్రమే అధికారికంగా అనుమతి ఉండేది. తరువాతి నవీకరణలలో మరికొన్ని చేరినవి. ఈ పేర్లు 'క్యూడా_సపోర్టెడ్_కార్డ్స్' అనే టెక్స్టు ఫైలులో, ప్రీమియర్ ప్రో ఇన్‌స్టాల్ అయిన ఫోల్డరులోనే ఉంటాయి. ప్రీమియర్ తెరుచుకొనేటపుడు 'జీపీయూ స్నిఫర్' అనే చిన్న ప్రోగ్రాము కార్డు పేరును, మెమొరీని చదివి, ఆ పేరు జాబితాలో లేకపోతే కార్డును పక్కన పెడుతుంది. తాము పరీక్షించిన కార్డులనే అనుమతించడం అడోబీ కోణం నుండి సబబే; కాని కొత్తగా వచ్చే ప్రతి కార్డునూ పాత వెర్షను జాబితాలోకి ఎవరూ చేర్చరు గనుక, కాలం గడిచేకొద్దీ ఈ జాబితా రక్షణకన్నా ఆటంకంగానే మారినది.

పేరు చేర్చే విధానం

మొదట కమాండ్ ప్రాంప్టు తెరిచి, ప్రీమియర్ ఫోల్డరులోని జీపీయూ స్నిఫర్‌ను నడపాలి. అది కార్డు పేరును, కంప్యూట్ కేపబిలిటీ సంఖ్యను, వీడియో మెమొరీని చూపిస్తుంది. పేరు జాబితాలో లేనందున కార్డును ఎంచుకోలేదని చివరన తెలిపితే, దోషం జాబితాదేనని నిర్ధారణ అవుతుంది. ఇతర లోపం చూపిస్తే జాబితా మార్చి ప్రయోజనం లేదు.

తరువాత నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరిచి, ఆ ఫైలులో కొత్త వరుసగా కార్డు పేరు చేర్చాలి. సాధారణ హోదాలో తెరిస్తే విండోస్ ఆ ఫోల్డరులో భద్రపరచనివ్వదు. పేరును డబ్బా మీద చూసి కాక, స్నిఫర్ చూపినది చూపినట్లుగా, ఖాళీలతో సహా వ్రాయాలి. కొన్ని డ్రైవర్లు పేరుకు ముందు ఎన్‌విడియా అని చేరుస్తాయి, కొన్ని చేర్చవు. ఒక్క అక్షరం తేడా వచ్చినా గుర్తింపు జరగదు. సీఎస్6లో చాలామంది ఆ ఫైలు పేరును మార్చివేసి, జాబితాయే లేకుండా చేసి కూడా ఫలితం పొందినారు. ఏది చేసినా ముందుగా అసలు ఫైలుకు నకలు తీసి ఉంచుకోవడం మంచిది.

పిమ్మట ప్రాజెక్టు సెట్టింగులలోని 'జనరల్' భాగంలో రెండరర్ అనే చోట 'జీపీయూ యాక్సిలరేషన్'ను ఎంచుకోవాలి. ఫలితం టైమ్‌లైన్ మీదనే కనిపిస్తుంది. కార్డు చేయగల ఎఫెక్టులు వేసిన చోట, అంతకుముందు ఎర్రగా ఉన్న గీత పసుపుపచ్చగా మారుతుంది.

కార్డుకు ముప్పాతిక గిగాబైటుకు పైగా సొంత మెమొరీ ఉండాలి. అది చాలనపుడు ఆ ఫ్రేమును ప్రీమియర్ ప్రాసెసరుకే పంపుతుంది. పెళ్ళి వీడియోలలో కెమెరా నుండి నేరుగా తెచ్చిన పెద్ద ఫోటోలు వరుసగా పేర్చినపుడు ఈ ఇబ్బంది కలుగుతుంది. ఫోటోలను ముందే చిన్నవి చేసుకొంటే తీరుతుంది.

జాబితాకు లొంగని అడ్డంకులు

పేరు చేర్చడం వలన కార్డుకు లేని శక్తి రాదు. ఏఎండీ కార్డులకు ఈ మార్గం పనికిరాదు, ఎందుకంటే క్యూడా ఎన్‌విడియాకే పరిమితం. సీఎస్6లో ఓపెన్‌సీఎల్ ద్వారా ఏఎండీకి లభించిన మద్దతు రెండు మాక్‌బుక్ ప్రో కార్డులకే.

మరొక అడ్డంకి డ్రైవరుది. క్యూడా ప్రోగ్రాములో ఆ కాలపు కార్డులకు సరిపోయే యంత్రభాషతో పాటు పీటీఎక్స్ అనే మధ్యస్థ రూపం కూడా ఉంటే, కొత్త డ్రైవరు దానిని కొత్త కార్డు భాషలోకి మార్చుకొంటుంది. మధ్యస్థ రూపం లేని ప్రోగ్రాములు కొత్త తరం కార్డుల మీద నడవవు. ఆపరేటింగ్ సిస్టము కూడా ముఖ్యమే. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 40 శ్రేణికి విండోస్ 7 డ్రైవర్లు లేవు. పాత మినీడీవీ క్యాసెట్ల కోసం పీసీఐ క్యాప్చర్ కార్డుతో విండోస్ 7 కంప్యూటరును కాపాడుకొంటున్న స్టూడియోలు అందుకే అంతకన్నా పాత శ్రేణిని వెదకవలసి వస్తుంది.

ఎడియస్ విషయం

తెలుగు పెళ్ళి వీడియో స్టూడియోలలో ప్రీమియర్‌తో పాటు విస్తృతంగా వాడుకలో ఉన్నది ఎడియస్. జపానుకు చెందిన కానోపస్ సంస్థ రూపొందించిన ఈ సాఫ్టువేరు తరువాత గ్రాస్ వ్యాలీ పేరుతో వెలువడినది. దీని పాత వెర్షన్లు ప్రధానంగా ప్రాసెసరు మీదనే నడుస్తాయి. కొన్ని ట్రాన్సిషన్లకు తప్ప గ్రాఫిక్స్ కార్డు అంతగా అక్కరకు రాదు.

పైగా ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఎడియస్ 6.5 వంటి వెర్షన్లు ఇంటెల్ ప్రాసెసరులోని క్విక్ సింక్ సాయంతో హెచ్.264 ఫైలును వేగంగా తయారుచేస్తాయి. విడి కార్డు బిగించగానే అనేక మదర్‌బోర్డులు ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌ను ఆపివేస్తాయి, దానితో క్విక్ సింక్ కూడా మాయమవుతుంది. కొత్త కార్డు పెట్టాక ఎగుమతి మరింత మందగించడానికి తరచుగా ఇదే కారణం. బయోస్‌లో అంతర్గత గ్రాఫిక్స్‌ను మరల ప్రారంభించాలి. విండోస్ 7లో అయితే దానికి ఒక మానిటరును కూడా తగిలించి ఉంచాలి.

విద్యుత్తు, వేడి

మదర్‌బోర్డు స్లాటు నుండి కార్డుకు అందే విద్యుత్తు గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించి కావలసిన కార్డులకు పవర్ సప్లై నుండి విడిగా 6 లేదా 8 పిన్నుల తీగ తగిలించాలి. 2009 నాటి జీటీఎక్స్ 285కు 204 వాట్లు అవసరం కాగా, 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్లతోనే 4 గిగాబైట్ల మెమొరీని ఇచ్చినది. పాత కంప్యూటరుకు ఇటువంటి కార్డే నప్పుతుంది.

రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం ఉన్నప్పటికీ, 2012, 2013 సంవత్సరాలలో ఈ జిల్లాలు గంటల తరబడి కోతలను చవిచూసినవి. సాధారణ 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లనే మోయగలదు. ప్రాసెసరు, మానిటరు, పెద్ద కార్డు కలిసి ఆ హద్దును సులువుగా దాటుతాయి. కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే రాత్రంతా నడిచిన రెండరింగ్ వృథా అవుతుంది. పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఎక్కువగా ఉండే వైశాఖ, జ్యేష్ఠ మాసాలలోనే రామగుండం, ఆదిలాబాదులలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాపుకు చేరుతుంది. కార్డు వేడెక్కినపుడు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది కావున, పని ఎక్కువగా ఉన్న రోజులలోనే కార్డు నెమ్మదిస్తుంది. పంకాలలోని దుమ్మును సీజనుకు ముందే తుడిపించడం వలన ఈ నష్టం కొంత తగ్గుతుంది.

2013లో వచ్చిన ప్రీమియర్ ప్రో సీసీ నుండి, జాబితాలో లేని కార్డును కూడా వాడుకరి స్వయంగా ఎంచుకొనే వీలు కల్పించబడినది. ఏఎండీ కార్డులకు విండోస్‌లో మద్దతు కూడా ఆ వెర్షనుతోనే వచ్చినది.