కడుపులో పుండు - సూక్ష్మజీవి

కడుపులో మంట పుట్టినపుడు కారము తగ్గింపుమనియు, చింత మానుమనియు పెద్దలు చెప్పుట మన ఇండ్లలో వాడుక. వైద్యులు సైతము చిరకాలము ఇంచుమించు అట్లే తలచిరి. జీర్ణాశయములో ఊరెడి ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది గావున అందు ఏ సూక్ష్మజీవియు నిలువజాలదనియు, ఆమ్లము అధికమగుటచేతనే పుండు పడుననియు భావించిరి.

ఈ అభిప్రాయమును మార్చినవారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు వైద్యులిరువురు. 1979లో రాబిన్ వారెన్ రోగుల జీర్ణాశయపు పొరను సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, అందు మెలితిరిగిన సూక్ష్మజీవులను గుర్తించెను. బారీ మార్షల్ ఆయనతో చేరిన పిమ్మట, 1982లో వానిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. పలువురు నమ్మకపోగా, 1984లో మార్షల్ ఆ జీవులుగల ద్రవమును తానే త్రాగెను. కొలది దినములలో ఆయనకు వాంతులు పట్టుకొనెను. జీర్ణాశయపు పొర వాచినట్లు పరీక్షలో తేలెను. 2005లో ఆ ఇరువురకు నోబెల్ బహుమానము లభించెను. ఆ జీవికి నేటి పేరు హెలికోబ్యాక్టర్ పైలోరి.

ఈ జీవి యూరియేజ్ అను ఎంజైమును పుట్టించును. అది కడుపులోని యూరియాను విడగొట్టగా అమోనియా ఏర్పడి, చుట్టునున్న ఆమ్లపు తీక్ష్ణతను విరిచివేయును. ఈ రక్షణలో జీవి జిగురుపొరలో దూరి ఏండ్ల తరబడి నివసించును. పొర వాచి బలహీనపడినచోట ఆమ్లము తాకి పుండు పడును.

ప్రపంచ జనులలో రమారమి సగముమందిలో ఇది కలదని అంచనా. వారిలో పెక్కుమందికి ఏ బాధయు ఉండదు. కొందరకు పుండ్లు పడును. కొద్దిమందికి జీర్ణాశయపు క్యాన్సరు వచ్చును. కారము, చింత బాధను హెచ్చింపవచ్చును గాని మూలము సాధారణముగా ఈ జీవియే. ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలను తరచు వాడుట రెండవ ముఖ్య కారణము.

ఈ జీవి చాలవరకు బాల్యముననే, నోటి ద్వారా గాని, మలముచే కలుషితమైన నీరు, ఆహారముల ద్వారా గాని సోకును. కావున శుభ్రమైన నీరు త్రాగుట, మరుగుదొడ్డికి వెళ్లివచ్చిన పిమ్మటను, వంటకు, భోజనమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుట మేలు.

ఊపిరి పరీక్షచే గాని, మలపరీక్షచే గాని, ఎండోస్కోపీచే గాని దీనిని కనుగొనవచ్చును. రెండు మూడు యాంటీబయాటిక్ మందులను, ఆమ్లమును తగ్గించు మందును కలిపి సాధారణముగా 14 దినములు ఇత్తురు. మంట తగ్గినదని నడుమ మానరాదు; మానినచో మిగిలిన జీవులు మందులకు లొంగకుండ పోవచ్చును. ఇట్టి లొంగని రకములు భారతదేశమందు ఇప్పటికే విస్తారముగా కలవు. చికిత్స ముగిసిన నాలుగు వారములకైనను పిమ్మట మరల పరీక్ష చేయించుకొని, జీవి తొలగినదో లేదో తెలిసికొనవలయును. అంగడిలో గ్యాసుమాత్రలు కొని మ్రింగుట మంటను అణచునే గాని మూలమును తీర్చదు.

మలము తారువలె నల్లగానుండుట, నెత్తుటి వాంతి, కారణములేక బరువు తగ్గుట, మ్రింగుట కష్టమగుట - వీనిలో ఏది కనిపించినను జాగుచేయక ఆసుపత్రికి పోవలయును. ఒకప్పుడు జన్మాంతము భరింపవలసినదని తలచిన ఈ పుండు, నేడు సకాలమున పరీక్షించి మందును తుదివరకు వాడినచో సాధారణముగా మానిపోవును.