రంగు అక్కరలేని రైలుపెట్టెలు

స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే రోజున ఒక తండ్రిగారు నన్ను అడిగారు: “మావాడు మెకానికల్ డిప్లొమాలో చేరతానంటున్నాడండీ. రేపు కంపెనీ మూసేస్తే ఆ చదువు ఏం కావాలి?” నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అయినా ఆయన మాట వినగానే నేను చదివిన ఒక జపాను కంపెనీ చరిత్ర గుర్తొచ్చింది. దాని పేరు టోక్యూ కార్ కార్పొరేషన్.

టోక్యూ అనేది టోక్యో ప్రాంతంలో రైళ్లు నడిపే ప్రైవేటు సంస్థ. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న పెట్టెలను బాగుచేయడానికి యొకొహామాలో, అంతకుముందు నౌకాదళం చేతిలో ఉన్న స్థలంలో ఒక కార్ఖానా పెట్టింది. 1948లో దాన్ని విడి కంపెనీ చేశారు. రైలుపెట్టెలతోపాటు లారీ ట్రెయిలర్లు, ట్యాంకర్లు కూడా తయారుచేసేవారు.

మామూలు ఉక్కు పెట్టెకు తుప్పు పడుతుంది, అందుకే మళ్లీ మళ్లీ రంగు వేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ బాధ లేదు. 1958లో వీరు పైరేకు మాత్రం స్టెయిన్‌లెస్ వేసి, లోపలి చట్రం మామూలు ఉక్కుతోనే చేశారు. మొత్తం స్టెయిన్‌లెస్‌తో చేయడానికి అడ్డు అతుకు దగ్గర వస్తుంది. ఎక్కువసేపు వేడి తగిలితే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసిపోయి, ఆ చోట తుప్పును ఆపే గుణం పోతుంది. అమెరికాలోని బడ్ కంపెనీ దీనికి ఉపాయం కనిపెట్టింది. పెద్ద కరెంటును రెప్పపాటు కాలం మాత్రమే పంపి చుక్కచుక్కగా అతకడమే ఆ ఉపాయం. టోక్యూ కార్ వారి నుంచి లైసెన్సు కొని, 1962లో జపానులో మొట్టమొదటి పూర్తి స్టెయిన్‌లెస్ రైలు, 7000 సిరీస్, తయారుచేసింది.

లెక్కల మనిషిని గనుక ఒక మాట. స్టెయిన్‌లెస్ కొనేటప్పుడు ఖరీదే. కాని రంగు ఖర్చు తప్పుతుంది, బరువు తగ్గితే కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. కొన్న ఏడాది లెక్క మాత్రమే చూసేవారికి ఇది కనబడదు. ఆ 7000 పెట్టెల్లో కొన్నింటిని మార్చి 7700గా చేస్తే, అవి టోక్యోలో 2018 దాకా నడిచాయి.

1978లో కంప్యూటరు లెక్కలతో ఇంకా తేలికైన పెట్టె నమూనా చేశారు. 1985లో జపాన్ జాతీయ రైల్వే తన 205 సిరీస్‌కు స్టెయిన్‌లెస్ కావాలనుకుంది, కాని ఒక్క కంపెనీ మీదే ఆధారపడడం దానికి ఇష్టం లేదు. తయారీ పద్ధతిని మిగతావారికీ చెప్పాలంది. టోక్యూ కార్ ఒప్పుకుంది. కష్టపడి సంపాదించిన విద్యను పోటీదారుల చేతిలో పెట్టడం చిన్న సంగతి కాదు.

2012 ఏప్రిల్ 1న కంపెనీ విడిపోయింది. రైలుపెట్టెల పని జె.ఆర్. ఈస్ట్ చేతికి, ట్రెయిలర్ల పని షిన్‌మేవా సంస్థకు వెళ్లాయి. టోక్యూ కార్ అన్న పేరు పోయింది. యొకొహామా కార్ఖానా మాత్రం అక్కడే, స్టెయిన్‌లెస్ పెట్టెలు తయారుచేసే అదే పని చేస్తోంది.

మన దేశంలోనూ ఐ.సి.ఎఫ్. పాత నమూనా పెట్టెల తయారీ 2018లో ఆగి, స్టెయిన్‌లెస్‌తో చేసే ఎల్.హెచ్.బి. పెట్టెలు వాటి చోటికి వచ్చాయి.

ఇదంతా చెప్పాక ఆ తండ్రిగారు కాసేపు ఊరుకుని, “అయితే వెల్డింగు బాగా నేర్పే చోటు ఎక్కడుందండీ?” అని అడిగారు. తెలిసినవారు ట్రస్టు ఆఫీసుకు రాయండి, ఆయనకు అందజేస్తాను.