తేనెబంక సజ్జలో విషమెంత? తూకం ఒక్కటే చాలదు

సజ్జ పైరు పూత దశలో ముసురు పట్టిందంటే కంకుల నుంచి తేనె వంటి జిగురు కారుతుంది. రైతులు తేనెబంకగా పిలిచే ఈ తెగులుకు క్లావిసెప్స్ ఫ్యూజిఫార్మిస్ అనే శిలీంధ్రం కారణం. కొద్ది రోజులకు గింజ ఉండవలసిన చోట నల్లని గట్టి ముద్ద ఏర్పడుతుంది. అదే ఎర్గాట్. అందులోని ఆల్కలాయిడ్లు మనిషికి హాని చేస్తాయి. 1975లో రాజస్థాన్‌లో ఇటువంటి సజ్జలు తిన్నవారు వాంతులు, తలతిరుగుడు, మగతతో బాధపడ్డారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఉదంతంపై పరిశోధన జరిపారు.

మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం సజ్జలలో ఎర్గాట్ గింజలు బరువులో 0.05 శాతానికి, అనగా కిలోకు అర గ్రాముకు మించరాదు. అయితే అన్ని ఎర్గాట్ గింజలలోనూ ఆల్కలాయిడ్ ఒకే మోతాదులో ఉండదు. పిండి పట్టించిన తరువాత ఏరి తూచే వీలు అసలే లేదు. అందుకే ప్రయోగశాల అవసరం.

అక్కడ నమూనా పిండికి అమోనియా చేర్చి, ఆల్కలాయిడ్లను సేంద్రియ ద్రావణిలోకి రాబడతారు. వాటిని పలుచని ఆమ్లంలోకి మార్చి, వాన్ అర్క్ కారకం కలుపుతారు. నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే ఆల్కలాయిడ్ అంత ఎక్కువ. ఆ చిక్కదనాన్ని స్పెక్ట్రోఫోటోమీటరు కొలుస్తుంది. ఖర్చు తక్కువే గాని, మొత్తం ఎంతో తెలుస్తుంది తప్ప ఏ ఆల్కలాయిడ్ ఎంతో తెలియదు.

విడివిడిగా తెలుసుకోవడానికి సిలికా పూసిన పలకపై వేరుచేస్తారు. ఇక్కడే పొరపాటుకు తావున్నది. రై ధాన్యపు ఎర్గాట్‌లోని ఎర్గోటమిన్ అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. సజ్జ ఎర్గాట్‌లోని ఆగ్రోక్లావిన్, ఎలైమోక్లావిన్ అలా మెరవవు. కారకం చల్లితేనే నీలిమచ్చలుగా బయటపడతాయి. దీపాన్నే నమ్ముకుంటే విషమున్న నమూనా శుభ్రమైనదిగా కనిపిస్తుంది.

నేటి మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు కిలోకు మైక్రోగ్రాముల మోతాదును సైతం పట్టగలవు. కాని ఏమి వెతకమంటే అదే వెతుకుతాయి. 2022 జనవరి నుంచి అమలైన ఐరోపా సమాఖ్య పరిమితులు 12 ఆల్కలాయిడ్ల మొత్తాన్ని లెక్కిస్తాయి. ఆ పన్నెండింటిలో ఆగ్రోక్లావిన్ లేదు. కనుక సజ్జ నమూనా పంపేవారు క్లావిన్ ఆల్కలాయిడ్లను కూడా కొలవమని విడిగా కోరవలసి ఉంటుంది.

నమూనా తీయడంలోనూ జాగ్రత్త అవసరం. ఎర్గాట్ బస్తా అంతటా సమానంగా ఉండదు. ఒక్క గుప్పెడు తీసి పంపితే ఫలితం తప్పుతుంది. పలు బస్తాలలో పైన, మధ్య, అడుగున తీసి కలపాలి. ఇంటివద్దనైతే గింజలను ఉప్పునీటిలో పోసి, తేలిన నల్లవాటిని తీసివేసి, మిగిలినవి మంచినీటితో కడిగి ఆరబెట్టుకోవచ్చు. పిండి కొనేవారికి ఆ వెసులుబాటు లేదు.